నవ్వు బొమ్మ నొక్కే ముందు

పోయిన నెల మా సంఘంలో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. రాత్రి పదకొండు గంటలప్పుడు సంఘపు వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టాం. ఆయన ఫొటో, సమాధి కార్యక్రమం వేళ, ఇంటికి వెళ్ళే దారి రాశాం. ఒక్కొక్కరే చేతులు జోడించిన బొమ్మ పెడుతున్నారు. అంతలో మా స్త్రీల సమాజంలో అందరికన్నా పెద్దావిడ దగ్గర నుంచి వరుసగా పది బొమ్మలు వచ్చాయి. పదీ ఒకటే బొమ్మ. పగలబడి నవ్వుతూ, కళ్ళ వెంట నీళ్ళు కారుస్తున్న పసుపు ముఖం.

రెండు నిమిషాల పాటు గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆ తర్వాత ఆవిడ మనవడు నాకు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, మామ్మ చూసుకోకుండా పెట్టేసిందండి. మీరు అడ్మిన్ కదండీ, కాస్త తీసేయండి" అన్నాడు. తీసేశాను. మర్నాడు ఆవిడ కనబడితే మెల్లగా అడిగాను. "అదేంటి అయ్యగారూ, కన్నీళ్ళు కనబడతానే ఉన్నాయి కదా! ఏడుస్తున్న మొహమే కదా అది?" అన్నారు. ఫోను చిన్నది, చూపు అంతంతమాత్రం, బొమ్మ గోరంత. ఆవిడకు కనబడినవి నీళ్ళు మాత్రమే.

తర్వాత చూస్తే ఆ బొమ్మకు పెట్టిన అసలు పేరులోనే 'సంతోషపు కన్నీళ్ళు' అని ఉంది. మనం ఎప్పటి నుంచో వాడుకుంటున్న ఆనందబాష్పాలు అన్న మాటే అది. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వారు ఆ సంవత్సరపు మాటగా ఏ మాటనూ ఎంచుకోకుండా ఈ బొమ్మనే ఎంచుకున్నారు. ప్రపంచమంతా మాటగా ఒప్పుకున్న ఆ బొమ్మ మా మామ్మగారి దగ్గర ఇంకో అర్థం తెచ్చుకుంది.

ఇందులో మామ్మగారు ఒక్కరే తప్పు చేశారనుకోకండి. మా యవ్వనస్థుల గ్రూపులో ఒకసారి నేనొక చిన్న హాస్యం రాస్తే, పదిహేడేళ్ళ పిల్లవాడు పుర్రె బొమ్మ పెట్టాడు. నా గుండె జారిపోయింది. తీరా కనుక్కుంటే 'నవ్వలేక చచ్చాను' అని దాని అర్థమట. అంటే నాకు దొరికిన మెప్పులకెల్లా అదే పెద్దదన్నమాట! చేతులు జోడించిన బొమ్మనే తీసుకోండి. మన ఊళ్ళలో అది నమస్కారం, ప్రార్థన, కృతజ్ఞత, క్షమాపణ, ఒక్కోసారి 'ఇక చాలు బాబూ, వదిలెయ్' కూడా. ఒక్క బొమ్మకు ఇన్ని అర్థాలుంటే పొరపాట్లు జరగకుండా ఎలా ఉంటాయి? ఇంతవరకూ నవ్వుకోదగ్గ సంగతే. నవ్వుకుందాం కూడా. అయితే ఈ వారం దీని గురించి సంపాదకీయం రాయడానికి కారణం వేరే ఉంది. చివరకు అక్కడికి వస్తాను.

ముందు ఈ నవ్వు గుర్తు ఎందుకు పుట్టిందో చూద్దాం. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విభాగం వాళ్ళు ఒకరికొకరు కంప్యూటర్ల మీద సందేశాలు రాసుకునేవారు. ఎవరో సరదాగా ఒక లిఫ్టులో పాదరసం ఒలికి ప్రమాదం జరిగిందన్నట్టు రాస్తే, కొందరు అది నిజమనుకుని కంగారుపడ్డారు. మనిషి ఎదురుగా ఉంటే గొంతును బట్టో ముఖాన్ని బట్టో హాస్యమని తెలిసిపోతుంది. అక్షరానికి ముఖం లేదు. అందుకే ఆ ఏడాది సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ అనే శాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పాడు. హాస్యంగా రాసినదాని చివర రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్టు పెడదాం, పక్కకు తల వాల్చి చూస్తే నవ్వుతున్న ముఖంలా ఉంటుంది అన్నాడు. ఈ బొమ్మల వంశానికి పెద్ద ముత్తాత అదే. తర్వాత 1999లో జపాన్‌లో షిగెతకా కురిత అనే ఆయన డొకొమో ఫోన్ల కోసం 176 చిన్న బొమ్మలు గీశాడు. ఆ బొమ్మలను ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో భద్రపరిచారు.

గమనించండి. నవ్వు గుర్తు పుట్టింది ఎదుటివాడు నొచ్చుకోకుండా ఉండడానికి. 'భయపడకు, సరదాకి అన్నాను' అని చెప్పడానికి. ఈ రోజు అదే గుర్తు ప్రమాద వార్తల కింద, పరీక్ష తప్పిన పిల్లల ఫొటోల కింద, చావు కబుర్ల కింద కూడా వరుసలు కట్టి కనబడుతోంది. అక్కడ పెట్టినవాళ్ళందరికీ మా మామ్మగారిలా చూపు మందగించలేదు. తెలిసే పెట్టారు.

'ఒక బొమ్మే కదా, అంత పట్టించుకోవాలా?' అని కొందరు అడుగుతారు. న్యాయస్థానాలు పట్టించుకున్నాయి. కెనడాలో సస్కాచెవాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ 2021 మార్చిలో ఒక ధాన్యం వ్యాపారి, అవిసె గింజల కొనుగోలు ఒప్పందాన్ని ఫొటో తీసి ఒక రైతుకు పంపించాడు, ఖరారు చేయమన్నాడు. రైతు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. నవంబరు వచ్చింది, గింజలు రాలేదు. అప్పటికి ధర బాగా పెరిగింది. వ్యాపారి కోర్టుకు వెళ్ళాడు. 'ఒప్పందం అందిందని చెప్పడానికే ఆ బొమ్మ పెట్టాను, ఒప్పుకున్నానని కాదు' అన్నాడు రైతు. అయితే ఇదే వ్యాపారితో అంతకుముందు చేసుకున్న ఒప్పందాలను ఆ రైతు 'సరే', 'బాగుంది' లాంటి ఒకటి రెండు మాటలతోనే ఖరారు చేసి ఉన్నాడు. అందుకని 2023లో న్యాయమూర్తి ఆ బొటనవేలు సంతకంతో సమానమే అని తేల్చి, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమన్నారు. 2024లో పై కోర్టు కూడా అదే ఖాయం చేసింది. మన పెద్దవాళ్ళు వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్న కథలు విన్నాం. ఇప్పుడు వేలి బొమ్మ వేసి డబ్బు పోగొట్టుకునే కాలం వచ్చింది.

మన దేశంలోనే ఇంతకన్నా చేదైన ఉదాహరణ ఉంది. 2012 నవంబరులో, ఒక పెద్ద నాయకుడు చనిపోయినప్పుడు ముంబై బంద్ అయిపోవడాన్ని ప్రశ్నిస్తూ మహారాష్ట్రలోని పాల్ఘర్‌కు చెందిన ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది. ఆమె స్నేహితురాలు దానికి లైక్ కొట్టింది. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. ఈ ఘటన చూసి కదిలిపోయిన ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2015 మార్చి 24న కోర్టు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టివేసింది. అది మంచి తీర్పు. ఎవరి నవ్వునైనా, ఎవరి మెప్పునైనా పోలీసు లాఠీతో కొలవకూడదు. నేను ఇక్కడ చెప్పబోయేది చట్టం గురించి కాదు. చట్టం మన జోలికి రానంత మాత్రాన మన నవ్వుకు బరువు లేదనుకోకూడదు. అది చెప్పడమే నా ఉద్దేశం.

ఆ బరువును మనకన్నా బాగా తెలుసుకున్నవాళ్ళు ఇంకొకరున్నారు. వాళ్ళు వ్యాపారులు. ఫేస్‌బుక్‌లో 2009 నుంచి లైక్ మీట ఒక్కటే ఉండేది. 2016 ఫిబ్రవరిలో దాని పక్కన ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, బాధ, కోపం చేరాయి. మన మనసులోని మాట చెప్పుకోవడానికి ఇంకో ఐదు దారులు దొరికాయని సంతోషించాం. అయితే 2021లో బయటపడ్డ ఆ సంస్థ లోపలి కాగితాలను బట్టి తెలిసింది ఏమిటంటే, 2017 నుంచి వాళ్ళ లెక్కలో ఈ కొత్త బొమ్మల్లో ఏ ఒక్కటైనా ఐదు లైకులతో సమానం. అంటే మీరు ఒకదాని మీద నవ్వినా, కోపగించుకున్నా దానికి ఐదింతల విలువ పడుతుంది. అది ఇంకా ఎక్కువమంది కళ్ళ ముందుకు వెళుతుంది. కోపం తెప్పించేవాటిలో అబద్ధాలు, విషపు రాతలు ఎక్కువగా ఉంటున్నాయని ఆ సంస్థలో పనిచేసేవాళ్ళే గుర్తించారు. చివరకు 2020లో కోపపు బొమ్మ విలువను సున్నా చేశారు.

ఈ లెక్క తెలిశాక ఒక సంగతి అర్థమవుతుంది. రచ్చబండ దగ్గర ఒకడు ఇంకొకణ్ణి వెక్కిరిస్తే, నలుగురు నవ్వితే, ఆ నవ్వు ఆ చెట్టు కిందే ఆగిపోయేది. సాయంత్రానికి వాళ్ళే కలిసి టీ తాగేవారు. ఇప్పుడు మన నవ్వు అక్కడ ఆగదు. అది ఒక ఓటు. 'దీన్ని ఇంకా పదిమందికి చూపించండి' అని వేసే ఓటు. ఖండించడానికి రాసినా అదే ఓటు. అందుకే కావాలని కోపం రేపి జనాన్ని రాబట్టే పనికి ఇంగ్లీషులో 'రేజ్ బైట్' అని పేరు పుట్టింది. గాలానికి ఎర గుచ్చినట్టు కోపాన్ని గుచ్చడం. 2025లో ఆక్స్‌ఫర్డ్ వారు ఎంచుకున్న మాట అదే. పదేళ్ళ కిందట ఆనందబాష్పాలు, ఇప్పుడు కోపపు ఎర. ఈ పదేళ్ళలో ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో చూడండి.

ఇదంతా చదివి అయ్యగారు నవ్వు మీద కూడా యుద్ధం ప్రకటించారని అనుకోకండి. నవ్వు లేని ఇంట్లో నేను ఉండలేను. శారా నవ్వింది, పుట్టిన కొడుక్కి నవ్వు అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ళ నవ్వుకు ఒక ముఖం ఉందంటే అది బ్రహ్మానందం గారిదే. 1993లో 'మనీ'లో ఖాన్ దాదా, 2014లో 'రేసుగుర్రం'లో కిల్ బిల్ పాండే, ఇలా ఆయన వేసిన వేషాలన్నీ ఇప్పుడు మన ఫోన్లలో మాటలకు బదులు తిరుగుతున్నాయి. కరెంటు బిల్లు చూసినప్పుడు ఒక ముఖం, జీతం పడినప్పుడు ఒక ముఖం, చుట్టాలు చెప్పకుండా దిగినప్పుడు ఒక ముఖం. అమెరికాలో ఉన్న మన పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోయినా ఆ ముఖాలు చదవడం వచ్చు. అందులో ఎవరికీ గాయం లేదు. నవ్వించడం ఆయన పని, ఆయన ఒప్పుకునే ఆ వేషాలు వేశారు.

2018లో కికి ఛాలెంజ్ అని ఒక పిచ్చి వచ్చింది గుర్తుందా? డ్రేక్ అనే గాయకుడి పాట పెట్టుకుని, నడుస్తున్న కారులోంచి దిగి రోడ్డు మీద నాట్యం చేయడం. ముంబై నుంచి హైదరాబాద్ దాకా పోలీసులు వద్దు బాబూ అని హెచ్చరికలు చేశారు. అప్పుడు జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ఇద్దరు కుర్రవాళ్ళు కారు బదులు నాగలికి కట్టిన ఎడ్లను పెట్టుకుని, బురద మడిలో ఆ నాట్యం చేశారు. గంగవ్వ గారిని మనకు పరిచయం చేసిన మై విలేజ్ షో వాళ్ళు తీసిన వీడియో అది. అప్పట్లో అమెరికా టీవీలో హాస్యం చెప్పే ట్రెవర్ నోవా, ఈ పోటీలో గెలిచింది వీళ్ళే అన్నాడు. ప్రపంచం నవ్వింది. ఆ ఇద్దరూ దానితో కలిసి నవ్వారు. లోకంలోని ఒక వెర్రిని వాళ్ళే పట్టుకుని, తమ మడిలోకి దింపి, దాని మీద జోకు వేశారు. పగ్గాలు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి.

మరి పగ్గాలు చేతిలో లేనివాళ్ళ సంగతేమిటి? 2002లో కెనడాలోని క్యుబెక్‌లో ఒక బడి పిల్లవాడు, గోల్ఫ్ బంతులు ఏరే కర్రను కత్తిలా తిప్పుతూ 'స్టార్ వార్స్' సినిమాలో వీరుడిలా తనను తాను వీడియో తీసుకున్నాడు. అద్దం ముందు అలా గంతులు వేయని పిల్లవాడు ఎక్కడైనా ఉంటాడా? ఆ టేపు తోటి విద్యార్థుల చేతికి చిక్కింది. 2003లో వాళ్ళు దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. అప్పటికి యూట్యూబ్ ఇంకా పుట్టలేదు. అయినా ప్రపంచమంతా చూసి నవ్వింది. ఆ అబ్బాయి బడి మానేయాల్సి వచ్చింది. చచ్చిపొమ్మని కూడా కొందరు తనకు రాశారని పదేళ్ళ తర్వాత పెద్దవాడయ్యాక చెప్పాడు. నవ్విన లక్షల మందిలో ఒక్కరికి కూడా ఆ అబ్బాయి మీద పగ లేదు. పగ లేకుండానే అంత పని జరిగింది.

ఇక నా సంగతి చెబుతాను. ఈ సంపాదకీయానికి కారణం అదే.

రెండేళ్ళ క్రితం డిసెంబరులో మా పాస్టర్ల గ్రూపులోకి ఒక చిన్న వీడియో వచ్చింది. ఏదో పల్లెలో సెమీ క్రిస్మస్. సీరియల్ లైట్ల ముందు ఒక కుర్రవాడు పాట పాడుతున్నాడు. పై స్థాయికి వెళ్ళబోయాడు, గొంతు జారిపోయి కీచుమంది. సరిగ్గా అక్కడ ఎవరో బ్రహ్మానందం గారు అదిరిపడే ముఖాన్ని అతికించారు. పన్నెండు సెకన్లు. నేను పడీ పడీ నవ్వాను. అదే పసుపు ముఖం మూడుసార్లు పెట్టాను. అంతటితో ఆగకుండా 'మన క్వాయర్ వాళ్ళకు చూపించండి' అని రాసి ఇంకో రెండు గ్రూపులకు పంపించాను. ఆ తర్వాత మర్చిపోయాను.

మే నెలలో కోనసీమలో ఒక సంఘం వాళ్ళు కూటాలకు పిలిచారు. బస్టాండుకు ఒక కుర్రవాడు బండి మీద వచ్చి నా సంచి అందుకున్నాడు. మూడు రోజులూ మైకు సెట్టు అతనే చూసుకున్నాడు. రెండో రోజు రాత్రి భోజనాల దగ్గర అక్కడి కాపరి గారు అన్నారు: "మావాడు బాగా పాడేవాడండి. ఆ వీడియో వచ్చాక స్టేజీ ఎక్కడం మానేశాడు." ఏ వీడియో అని నేను అడగలేదు. ముఖం ఎక్కడో చూసినట్టుందని మొదటి రోజే అనిపించింది. అది ఎక్కడో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి పడుకునే ముందు ఫోనులో పాస్టర్ల గ్రూపు తెరిచి వెనక్కి వెనక్కి వెళ్ళాను. వీడియో ఉంది. దాని కింద నా పేరు, మూడు ముఖాలు ఉన్నాయి.

మర్నాడు అతను వైర్లు చుడుతుంటే పక్కకు వెళ్ళి చెప్పాను, ఆ వీడియో చూసి నేనూ నవ్వానని, ఇంకా రెండు చోట్లకు పంపించానని, తప్పు చేశానని. అతను తలెత్తలేదు. "పర్లేదండి అయ్యగారూ. ముందు నేనే పంపించానండి మా ఫ్రెండ్స్‌కి. మేమే నవ్వుకున్నామండి. తర్వాతే ఎక్కువైపోయిందండి" అన్నాడు. ఇప్పుడు పాడుతున్నావా అని అడిగాను. "మైకు చూసుకుంటున్నానండి" అన్నాడు.

అతని జవాబు నన్ను ఇప్పటికీ వదలలేదు. తన మీద తాను నవ్వుకునే మనసు అతనికి మొదటే ఉంది. ఆ హాస్యం అతనిదే. అది అతని చేతిలోంచి జారి, అతని పేరు తెలియని మా లాంటి వాళ్ళ చేతుల్లో పడ్డాక హాస్యంగా మిగల్లేదు. అందులో నా వాటా రెండు గ్రూపులు. తక్కువే అనుకోవచ్చు. అందరి వాటా తక్కువే. అలాంటి వాటాలన్నీ కలిస్తేనే ఆ కుర్రవాడు స్టేజీ దిగిపోయాడు.

నోవహు గుడారంలో తాగి ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న సంగతి మనకు తెలిసిందే. ఒక కొడుకు చూశాడు, బయటకు వెళ్ళి మిగతా ఇద్దరికీ చెప్పాడు. ఈ రోజు భాషలో ఫార్వర్డ్ చేశాడు. మిగతా ఇద్దరూ ఒక బట్ట భుజాల మీద వేసుకుని, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, తండ్రి వైపు చూడకుండా కప్పారు. నేను ఈ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ తాగుడు గురించే చెప్పాను. ఆ కోనసీమ ప్రయాణం తర్వాతే ఆ ఇద్దరు కొడుకుల వెనక నడక మీద దృష్టి నిలిచింది. వాళ్ళకు కూడా చూడాలనే ఉండి ఉంటుంది. చూడలేదు.

ఇప్పుడు నేను పెట్టుకున్న నియమాలు పెద్దవేమీ కావు. ఒక వీడియో చూసి నవ్వొస్తే నవ్వుతాను, నవ్వును ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ బొమ్మ నొక్కే ముందు, ఇంకొకరికి పంపే ముందు ఒక్క మాట అడుగుతాను: ఇందులో ఉన్న మనిషి ఈ గదిలో ఉంటే నాతో కలిసి నవ్వుతాడా? లంబాడిపల్లి కుర్రవాళ్ళయితే నవ్వుతారు, పంపిస్తాను. నవ్వడేమో అనిపిస్తే నా దగ్గరే ఆపేస్తాను. మా పాస్టర్ల గ్రూపులో ఈ మాట చెబితే మొదట ఒకరిద్దరు నా మీదే నవ్వు బొమ్మలు పెట్టారు. అది నాకు రావలసిందే. తర్వాత మాత్రం అలాంటి వీడియోలు కాస్త తగ్గాయి. పిల్లలున్న ఇళ్ళలో తల్లిదండ్రులు కూడా ఈ ప్రశ్న భోజనాల దగ్గర ఒకసారి మాట్లాడుకుంటే బాగుంటుంది. ఎందుకంటే రేపటి వీడియోలో ఉండేది మన పిల్లవాడే కావచ్చు.

మా మామ్మగారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ పది ముఖాలు నేను తీసేసే లోపే పోయినాయన కొడుకు చూశాడట. "ఏమనుకోలేదండి అయ్యగారూ, మామ్మ ఏడ్చిందని మాకు తెలుసు. తెల్లారేసరికి చారు, అన్నం వండుకుని వచ్చేసింది. మూడు రాత్రులు మా అమ్మ పక్కనే పడుకుంది" అన్నాడు. మనవడు ఆవిడకు అసలైన ఏడుపు బొమ్మ ఏదో చూపించి నేర్పించాడు. అయినా పోయిన ఆదివారం ఎవరికో ఒంట్లో బాగోలేదని కబురు పెడితే మళ్ళీ ఆ పది ముఖాలే వచ్చాయి. ఈసారి నేను తీసేయలేదు. మనవడూ ఫోన్ చేయలేదు.